నిలిచి ఉన్న పడవలో తరిగిపోయే బ్యాటరీ: 1974 నాటి ఈవిన్‌రూడ్ మోటారు ఛార్జింగ్‌పై ఒక కేస్ స్టడీ

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో విన్నెబాగో సరస్సు మీద చేపల వేటకు తిరిగే ఒక అల్యూమినియం పడవ ఇది. దాని వెనుక 1974 నాటి ఈవిన్‌రూడ్ 50 హెచ్‌పీ అవుట్‌బోర్డు మోటారు, అంటే పడవ వెనుక అంచుకు బయటి నుంచి తగిలించే ఇంజను ఉంది. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఎలక్ట్రిక్ స్టార్ట్. యజమాని ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పెద్దాయన. మోటారును నా షెడ్డుకు తెచ్చేటప్పటికి ఆయన అప్పటికే బ్యాటరీ మార్చారు, తర్వాత ఆర్‌పీఎం మీటరూ మార్చారు. ఫలితం లేదు.

ఆయన చెప్పిన ఫిర్యాదు ఇది: పడవను రెండు మూడు వారాలు వాడకుండా ఉంచితే స్టార్టర్ తిరగదు. వాడుతున్నప్పుడు కూడా బ్యాటరీ పూర్తిగా నిండినట్టు కనిపించదు. ఆర్‌పీఎం మీటరు ముల్లు సున్నా మీద నుంచి కదలదు, కొత్త మీటరు పెట్టినా అంతే. ఇంజను మాత్రం చక్కగా పనిచేస్తుంది. మాటల మధ్యలో ఇంకొకటి చెప్పారు: "అలలు ఎక్కువగా ఉన్న రోజున ఫిష్ ఫైండర్ ఒక్క క్షణం ఆరిపోయి మళ్ళీ వెలుగుతుందండీ. అది పాతబడింది, దాని సంగతి తర్వాత చూద్దాం." ఫిష్ ఫైండర్ అంటే నీటి కింద చేపల జాడ చూపే చిన్న తెర. ఆయన మాటను కాగితం మీద అన్నిటికన్నా పైన రాసుకున్నాను. యజమాని పట్టించుకోవద్దన్న లక్షణమే చాలాసార్లు అసలు కథ చెబుతుంది.

ఈ రకం మోటార్ల మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది. నార్వేలో పుట్టి చిన్నతనంలోనే విస్కాన్సిన్‌కు వచ్చిన ఓలె ఈవిన్‌రూడ్ తన అవుట్‌బోర్డును అమ్మకానికి తెచ్చింది ఇక్కడి మిల్వాకీ నగరంలోనే, 1909లో. ఆ సంస్థను తర్వాత నడిపిన అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 2000 డిసెంబరులో దివాలా తీసింది. పేరును కొన్న కెనడా కంపెనీ 2020లో ఈ మోటార్ల తయారీనే ఆపేసింది. అయినా 1970ల నాటి రెండు సిలిండర్ల మోటార్లు ఈ సరస్సుల మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని నిలబెట్టుకోవాలంటే మనం వాటి విద్యుత్ వ్యవస్థను అర్థం చేసుకోవాలి. ఒక భాగం తీసి మరొకటి పెట్టి చూడటం ఖర్చుతో కూడిన జూదం.

ముందు వ్యవస్థ గురించి

ఇందులో కారుకు ఉన్నట్టు బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ ఉండదు. ఫ్లైవీల్ లోపలి అంచున శాశ్వత అయస్కాంతాలు అమర్చి ఉంటాయి. వాటి కింద కదలకుండా ఉండే స్టేటర్ మీద కాయిళ్ళు ఉంటాయి. మన దగ్గర ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బైకుల మాగ్నెట్ విప్పినవారికి ఇది వెంటనే తెలిసిపోతుంది, అదే సూత్రం. ఫ్లైవీల్ తిరిగితే కాయిళ్ళలో ఏసీ పుడుతుంది. పసుపు రంగు వైర్ల ద్వారా అది రెక్టిఫైయర్‌కు చేరుతుంది. అందులో ఉండే, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే నాలుగు డయోడ్లు దాన్ని డీసీగా మార్చి, ఎర్ర వైరు మీదుగా బ్యాటరీకి పంపుతాయి. బాగున్న వ్యవస్థ అయితే గరిష్ఠంగా ఐదారు ఆంపియర్లు వస్తాయి. చేపల వేటలో ఇంజనును నెమ్మదిగా నడిపేటప్పుడు అందులో చిన్న భాగమే వస్తుంది.

మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇగ్నిషన్‌కు కావలసిన కరెంటు అదే ఫ్లైవీల్ కింద ఉన్న వేరే కాయిల్ నుంచి వస్తుంది. అందుకే ఛార్జింగ్ పూర్తిగా చచ్చిపోయినా ఇంజను హాయిగా నడుస్తుంది. ఇంజను బాగుంది కాబట్టి ఫ్లైవీల్ కింద అంతా బాగుందనుకోవడానికి వీల్లేదు. రెండు, ఈ మోటారులో వోల్టేజి రెగ్యులేటర్ లేదు. బ్యాటరీయే వోల్టేజిని పట్టి ఉంచాలి. బ్యాటరీ సర్క్యూట్ నుంచి ఒక్క క్షణం తప్పుకున్నా, ఆ క్షణంలో స్టేటర్ వోల్టేజికి కళ్ళెం ఉండదు. మూడు, ఆర్‌పీఎం మీటరుకు సంకేతం వచ్చేది ఈ ఛార్జింగ్ కాయిళ్ళ నుంచే. రెక్టిఫైయర్ దగ్గర పసుపు వైర్లలో ఒకదానికి కలిపిన బూడిదరంగు వైరు డ్యాష్‌బోర్డు దాకా వెళుతుంది. కాబట్టి ఈ పాత మోటార్లలో ఆర్‌పీఎం మీటరు చచ్చిపోతే మీటరును అనుమానించే ముందు రెక్టిఫైయర్‌ను అనుమానించాలి. ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే ఆయనకు కొత్త మీటరు ఖర్చు తప్పేది.

బ్యాటరీ దగ్గర మొదలు

బ్యాటరీని బయటి ఛార్జర్‌తో నింపి, కొన్ని గంటలు వదిలేసి చూస్తే 12.7 వోల్టులు నిలిచాయి. లోడ్ టెస్టులోనూ గట్టిగానే ఉంది. 75 ఆంపియర్ అవర్ల సీల్డ్ ఏజీఎమ్ బ్యాటరీ (మూత తెరవడానికి వీల్లేని, ఆమ్లం గాజుపీచులో ఇంకి ఉండే రకం), దాదాపు కొత్తది. బ్యాటరీలో తప్పు లేదు. అయితే ఈ రకం బ్యాటరీ ఈ మోటారుకు తగినదా అన్న ప్రశ్న మిగిలింది. దాన్ని తర్వాతకు ఉంచాను.

తాళం ఆపేసి, అన్ని స్విచ్చులూ ఆపి, బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి మధ్యలో ఆంపియర్ మీటరు పెట్టాను. 90 మిల్లీఆంపియర్లు పోతున్నాయి. అన్నీ ఆపేసిన పడవకు ఇది చాలా ఎక్కువ. రోజుకు రెండు ఆంపియర్ అవర్లకు పైమాటే. మూడు వారాలకు దాదాపు 45 ఆంపియర్ అవర్లు. 75లో 45 పోతే స్టార్టర్ ఎందుకు తిరగడం లేదో వేరే చెప్పనక్కరలేదు. యజమాని చెప్పిన వ్యవధికి ఈ లెక్క సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు ఆ 90 మిల్లీఆంపియర్లు ఎటు పోతున్నాయో చూడాలి. ఫిష్ ఫైండర్ ఫ్యూజు తీశాను, మార్పు లేదు. పడవ అడుగున చేరిన నీటిని తోడే పంపు ఫ్లోట్ స్విచ్చు నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటుంది కాబట్టి చాలా పడవల్లో దొంగ అదే అవుతుంది. దాన్నీ విప్పాను. మార్పు లేదు. దీపాలు, రేడియో విప్పినా అంకె అక్కడే ఉంది. చివరికి మోటారు మీద రెక్టిఫైయర్ ఎర్ర వైరు విప్పగానే మీటరు సున్నాకు పడిపోయింది.

చాలామంది మెకానిక్కులు ఇక్కడ ఆగిపోయి రెక్టిఫైయర్ మార్చేస్తారు. కొత్తది పెడితే లీకేజీ ఆగిపోతుంది, బిల్లు చెల్లుతుంది, పడవ ఇంటికి వెళుతుంది. కానీ అలా ఆగిపోతే రెండు ప్రశ్నలు జవాబు లేకుండా మిగులుతాయి. నాలుగు డయోడ్ల బ్రిడ్జిలో ఒక డయోడు షార్ట్ అయినంత మాత్రాన బ్యాటరీ ఎర్త్‌కు, అంటే దాని నెగటివ్ కలిసి ఉన్న ఇంజను బ్లాకుకు, ఖాళీ కాదు. పాజిటివ్ వైపు డయోడు షార్ట్ అయితే బ్యాటరీ వోల్టేజి స్టేటర్ కాయిళ్ళ దాకా వస్తుంది, అంతే. అక్కడి నుంచి ఎర్త్‌కు దారి ఉండదు, ఎందుకంటే నెగటివ్ వైపు రెండు డయోడ్లు ఆ దిశలో మూసి ఉంటాయి. మరి కరెంటు ఎర్త్‌కు ఎలా చేరుతోంది? ఇది మొదటి ప్రశ్న. అసలు డయోడు ఎందుకు చచ్చింది? ఇది రెండోది.

ఆగి ఉన్న ఇంజనులో 12 వోల్టులు

ఎర్ర వైరు తిరిగి కలిపి, ఇంజను ఆపే ఉంచి, పసుపు వైరు టెర్మినల్‌కూ ఇంజను బ్లాకుకూ మధ్య డీసీ వోల్టేజి చూశాను. 12.5 వోల్టులు. బాగున్న వ్యవస్థలో ఆగి ఉన్న ఇంజను స్టేటర్ వైర్ల మీద బ్యాటరీ వోల్టేజి నిలకడగా కనిపించకూడదు. ఏ భాగాన్నీ విప్పకుండా నిమిషంలో చేయగలిగే ఈ పరీక్ష ఎందుకో ఎక్కువమందికి తెలియదు. దీన్నిబట్టి పాజిటివ్ వైపు డయోడు ఒకటి షార్ట్ అయిందని దాదాపుగా తేలిపోయింది.

తర్వాత బ్యాటరీ కేబుళ్ళు విప్పి, రెక్టిఫైయర్‌ను అన్ని వైర్ల నుంచి వేరుచేసి, మల్టీమీటరును డయోడ్ పరీక్షలో పెట్టి నాలుగు డయోడ్లూ రెండు దిశల్లోనూ చూశాను. మూడు డయోడ్లు ఒక దిశలో 0.5 వోల్టు పైచిలుకు చూపి, రెండో దిశలో పూర్తిగా మూసుకున్నాయి. నాలుగోది, అంటే పాజిటివ్ వైపు రెండింటిలో ఒకటి, రెండు దిశల్లోనూ సున్నాకు దగ్గరగా చూపింది. షార్ట్. అది ఏ పసుపు వైరుకు చెందిందో చూస్తే, ఆర్‌పీఎం మీటరు బూడిదరంగు వైరు కలిసింది కూడా సరిగ్గా ఆ టెర్మినల్‌కే.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే మీటరు ఎందుకు చచ్చిందన్నదానికి పూర్తి జవాబు ఇందులోనే ఉంది. షార్ట్ అయిన డయోడు ఆ పసుపు వైరును బ్యాటరీ పాజిటివ్‌కు నేరుగా కట్టేసింది. ఇంజను తిరుగుతున్నప్పుడు ఏసీ ఒక సగంలో ఆ వైరు బ్యాటరీ వోల్టేజి దగ్గర ఉంటుంది. రెండో సగంలో కిందికి దిగాల్సిన వైరు షార్ట్ వల్ల దిగలేదు, మళ్ళీ అదే వోల్టేజి దగ్గర ఉండిపోతుంది. ఆర్‌పీఎం మీటరు లెక్కపెట్టేది ఆ ఎగుడుదిగుళ్ళనే. ఎగుడుదిగుళ్ళు లేకపోతే ఏ మీటరైనా సున్నానే చూపుతుంది. ఆ రెండో సగంలో స్టేటర్ కరెంటు బ్యాటరీలోకి వెళ్ళకుండా ఒక మంచి డయోడు, ఒక షార్ట్ డయోడు గుండా కాయిల్‌లోకే తిరిగి వస్తుంది. అంటే ఛార్జింగ్ సగానికి పడిపోతుంది, కాయిల్ అనవసరంగా వేడెక్కుతుంది. ఒకవేళ బూడిదరంగు వైరు రెండో టెర్మినల్‌కు కలిపి ఉంటే మీటరు మామూలుగానే పనిచేసేది, ఈ ఆధారం మనకు దక్కేది కాదు. మీటరు పనిచేస్తోంది కాబట్టి రెక్టిఫైయర్ బాగుందని తేల్చేయకూడదనడానికి కూడా ఇదే కారణం.

రెక్టిఫైయర్ విప్పక ముందే, పడవను ట్రైలర్‌తో నీళ్ళలోకి దించి, తాళ్ళతో కట్టి, ఇంజను నడిపి కొలతలు తీసుకున్నాను. చెవి మఫ్‌ల లాంటి అమరికతో తోట గొట్టం నీళ్ళు పెట్టి నడపడం ఐడిల్ వరకే సురక్షితం. లోడు లేకుండా మూడు వేల ఆర్‌పీఎం దాకా తిప్పితే ఇంజనుకే ప్రమాదం. పడవ మీటరు చచ్చింది కాబట్టి స్పార్క్ ప్లగ్ వైరుకు తగిలించే చిన్న డిజిటల్ మీటరుతో వేగం చూశాను. 3000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ వద్ద 12.8 వోల్టులు, వైరును విప్పకుండా చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరులో రెండు ఆంపియర్ల చిల్లర. సగం ఛార్జింగ్ అన్న లెక్కకు ఇది సరిపోయింది. తర్వాత రెక్టిఫైయర్ నుంచి పసుపు వైర్లు విప్పి, వాటి కొసలు దేనికీ తగలకుండా ఉంచి, వాటి మధ్య ఏసీ చూస్తే ఐడిల్‌లో 18 వోల్టులు, వేగం పెంచితే 40 దాటింది. కాయిళ్ళు కరెంటు పుట్టించడంలో లోపం లేదు.

ఒక హెచ్చరిక. ఇంజను తిరుగుతున్నప్పుడు పసుపు వైర్లతో పనిచేస్తూ పొరపాటున ఇగ్నిషన్ ఛార్జ్ కాయిల్ వైర్ల మీద చేయి వేయవద్దు. కెపాసిటర్‌ను నింపే ఆ కాయిల్ వందల వోల్టులు ఇస్తుంది. సాధారణ మల్టీమీటరుతో దాన్ని కొలవడం కూడా మంచిది కాదు, దానికి పీక్ వోల్టేజి అడాప్టర్ ఉండాలి.

ఎర్త్‌కు దారి

రెక్టిఫైయర్ నుంచి విడిపోయిన పసుపు వైర్లలో ఒకదానికీ ఇంజను బ్లాకుకూ మధ్య ఓం మీటరు పెట్టాను. తెరిచి ఉండాల్సిన చోట 130కీ 150కీ మధ్య అంకెలు ఊగిసలాడుతూ కనిపించాయి. 12.6 వోల్టులను 140 ఓంలతో భాగిస్తే 0.09 ఆంపియర్లు వస్తుంది. మొదట బ్యాటరీ దగ్గర చూసిన 90 మిల్లీఆంపియర్లు ఇవే. లోపం ఇక్కడే ఉందని చెప్పడానికి నాకు ఇంతకన్నా గట్టి రుజువు అక్కరలేదు.

షార్ట్ డయోడు ఒక్కటే ఉంటే బ్యాటరీ ఖాళీ అయ్యేది కాదు. స్టేటర్ లీకేజీ ఒక్కటే ఉన్నా ఖాళీ అయ్యేది కాదు, ఎందుకంటే మంచి డయోడ్లు బ్యాటరీని వెనక్కి పోనివ్వవు. రెండూ కలిస్తేనే ఈ జబ్బు. రెక్టిఫైయర్ మాత్రమే మార్చి ఉంటే పడవ కొంతకాలం నిక్షేపంగా తిరిగేది. 140 ఓంల లీకేజీ ఛార్జింగ్ మీద పెద్దగా ప్రభావం చూపదు కూడా. ఆ లీకేజీ ముదిరి పూర్తి షార్ట్ అయిన రోజున ఛార్జింగ్ మళ్ళీ సగమయ్యేది, అప్పుడు కొత్త రెక్టిఫైయర్‌ను తిట్టుకునేవారు.

ఊగిసలాడే అంకె కూడా ఒక ఆధారమే. కాయిల్ లోపల చుట్టు నేరుగా ఇనుముకు తగిలితే అంకె స్థిరంగా, చాలా తక్కువగా ఉంటుంది. వందకు పైన నిలకడ లేకుండా ఉన్నదంటే తేమ, తుప్పు మధ్యలో ఉన్నాయని అర్థం. అయితే చోటు ఎక్కడ? కాయిళ్ళకు వెళ్ళే వైర్లు ఫ్లైవీల్ కిందికి వెళతాయి కాబట్టి ఫ్లైవీల్ తీయక తప్పలేదు.

ఫ్లైవీల్ తీయడం గురించి గట్టిగా చెప్పాలి. మధ్యలో ఉన్న మూడు మరల రంధ్రాల్లోకి బోల్టులు వేసి లాగే పుల్లర్ మాత్రమే వాడాలి. అంచులను పట్టి లాగే దవడల పుల్లర్ వాడితే అయస్కాంతాలు ఊడిపోతాయి, లేదా అంచు వంగుతుంది. అర్ధ శతాబ్దం నాటి ఫ్లైవీల్ దొరకడం ఎంత కష్టమో వెతికినవారికి తెలుసు. సుత్తితో కొట్టకూడదు. బ్యాటరీ విప్పి, స్పార్క్ ప్లగ్ వైర్లు ఎర్త్ చేసి, పుల్లర్ బిగించి కొంచెం కొంచెంగా బిగువు పెంచుతూ పోతే టక్కున వదులుతుంది.

లోపల చూసినదాన్ని వివరంగా చెబుతాను. స్టేటర్ కాయిళ్ళ మీది ఎపాక్సీ పొర ముదురు గోధుమరంగుకు తిరిగింది కానీ ఎక్కడా పగల్లేదు, కరిగి కారలేదు. కాయిళ్ళ చుట్లు ఆరోగ్యంగా ఉన్నాయి. థ్రాటిల్‌తో పాటు తిరుగుతూ ఇగ్నిషన్ సమయాన్ని మార్చే టైమర్ బేస్ పక్క నుంచి పసుపు వైర్లు బయటికి వచ్చే చోట వాటిని బ్లాకుకు పట్టి ఉంచే చిన్న క్లాంపు లేదు. దాని స్క్రూ రంధ్రం మాత్రం ఉంది, మట్టితో నిండి. ఎప్పుడో ఎవరో విప్పి తిరిగి పెట్టలేదు. క్లాంపు లేకపోవడంతో వైరు అల్యూమినియం అంచు మీద వాలి, ఏళ్ళ తరబడి కంపనానికి రాసుకుని, బియ్యపు గింజంత మేర తొడుగు అరిగిపోయింది. అక్కడ రాగి తీగ పోగులు పచ్చగా చిలుము పట్టాయి. ఎదురుగా అల్యూమినియం మీద తెల్లటి పొడి, ముట్టుకుంటే వేలికి తేమగా అంటుకుంటోంది. ఆ పచ్చ, తెలుపు పొడుల మధ్య తేమలోంచే 140 ఓంల దారి ఏర్పడింది. స్టేటర్‌ను కట్టిన కర్మాగారం చేతి పనితనంలో ఏ లోపమూ నాకు కనిపించలేదు. పోయిన ఒక్క క్లాంపు వల్ల జరిగిన నష్టం ఇది.

మొత్తం స్టేటర్ మార్చాలా? అక్కరలేదని నా నిర్ణయం. వైరు తప్ప అన్నీ బాగున్నప్పుడు పాత స్టేటర్‌ను పారేయడం సరికాదు. చిలుము పట్టిన భాగం కత్తిరించి, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్ళి, తగరం పూసిన మెరైన్ వైరు ముక్క కలిపి, లోపల జిగురు ఉండి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టంతో మూసేశాను. దాని మీద ఇంకో తొడుగు వేసి, అంచును ఆకురాయితో నునుపు చేసి, కొత్త క్లాంపు బిగించాను. థ్రాటిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరికి కదిపి టైమర్ బేస్ దేనికీ తగలడం లేదని చూశాక ఓం మీటరు పెట్టాను. తెరిచే ఉంది. ఫ్లైవీల్ తిరిగి పెట్టేటప్పుడు క్రాంక్ షాఫ్టు వాలు భాగం, ఫ్లైవీల్ లోపలి భాగం రెండూ నూనె లేకుండా శుభ్రంగా తుడిచి, రెండింటినీ జతపరిచే చిన్న లోహపు ముక్క అయిన కీని సరిగ్గా కూర్చోబెట్టి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాను. ఇక్కడ నూనె చుక్క మిగిలినా, బిగువు తగ్గినా కీ తెగిపోయి టైమింగ్ తప్పుతుంది.

డయోడు ఎందుకు చచ్చింది

ఇప్పుడు రెండో ప్రశ్న. వయసు వల్ల పోయిందని అనుకోవచ్చు. కానీ ఫిష్ ఫైండర్ ఆరి వెలిగే సంగతి నా కాగితం మీద ఉంది.

బ్యాటరీ పెట్టె తెరిచి చూస్తే రెండు కేబుళ్ళూ వింగ్ నట్లతో బిగించి ఉన్నాయి. వేళ్ళతో తిప్పే ఈ నట్లు పడవల్లో సులభంగా కనిపిస్తాయి కానీ అలల తాకిడికి వదులవుతాయి. 6 గేజి, అంతకన్నా లావు బ్యాటరీ కేబుళ్ళకు వింగ్ నట్లు వాడకూడదని పడవల భద్రతా నియమాలు రూపొందించే అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాలు చెబుతున్నాయి. నెగటివ్ కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే టెర్మినల్ చుట్టూ కొద్దిగా తిరిగింది. విప్పి చూస్తే రింగు కింద సీసం మీద చిన్న చిన్న నల్లటి గుంటలు, కరెంటు తెగుతూ అతుకుతూ నిప్పురవ్వలు లేచిన గుర్తులు. మళ్ళీ అలాగే పెట్టి, స్టార్టర్ తిప్పుతూ బ్యాటరీ టెర్మినల్‌కూ కేబుల్ రింగుకూ మధ్య వోల్టేజి చూస్తే ఒక వోల్టు దాటింది. దాదాపు ఏమీ ఉండకూడని చోట ఒక వోల్టు పోతోంది.

కథ ఇలా కలిసింది. అలల్లో పడవ ఎగిరిపడినప్పుడు నెగటివ్ కేబుల్ క్షణకాలం తెగేది. ఆ క్షణంలో స్టేటర్ వోల్టేజిని పట్టి ఉంచే బ్యాటరీ లేదు. విప్పిన వైర్ల మీద 40 దాటిన ఏసీ మనం చూశాం. దాని శిఖరాలు 55 వోల్టులకు పైన ఉంటాయి, లోడు ఒక్కసారిగా తెగినప్పుడు ఇంకా ఎగుస్తాయి. ఫిష్ ఫైండర్ ఆరడం, వెలగడం ఆ తెగడం వల్లే. అలాంటి దెబ్బలు తింటూ తింటూ ఒక డయోడు లొంగిపోయింది. బ్యాటరీని తలకిందులుగా కలపడం వల్ల కూడా రెక్టిఫైయర్లు పోతాయి. కానీ అప్పుడు నాలుగు డయోడ్ల గుండా భారీ కరెంటు వెళుతుంది కాబట్టి సాధారణంగా ఒకటి కన్నా ఎక్కువే కాలిపోతాయి. ఒక్కటే షార్ట్ అయి మిగతా మూడూ చక్కగా ఉండటం, దానితోపాటు టెర్మినల్ మీది ఆ గుంటలు చూశాక నా అనుమానం వదులు నట్టు మీదే నిలిచింది.

నెగటివ్, పాజిటివ్ కేబుళ్ళ కొసలు కత్తిరించి కొత్త రింగులు క్రింప్ చేసి, వింగ్ నట్ల బదులు స్టెయిన్‌లెస్ షడ్భుజి నట్లు, లాక్ వాషర్లు వేసి పానాతో బిగించాను. స్టార్టర్ తిప్పుతూ మళ్ళీ చూస్తే ఆ ఒక వోల్టు మాయమైంది. ఆ తర్వాతే కొత్త రెక్టిఫైయర్ అమర్చాను. ఈ క్రమం ముఖ్యం. వదులు కేబుల్ ఉండగా కొత్త రెక్టిఫైయర్ పెడితే దాన్నీ బలి ఇచ్చినట్టే.

బ్యాటరీ సంగతి

రెగ్యులేటర్ లేని మోటారుకు సీల్డ్ ఏజీఎమ్ బ్యాటరీ నా దృష్టిలో సరైన జోడీ కాదు. ఇన్నాళ్ళూ ఛార్జింగ్ సగమే ఉండటం వల్ల ఆ బ్యాటరీ బతికిపోయింది. ఛార్జింగ్ పూర్తిగా కోలుకున్నాక, బ్యాటరీ నిండి, పడవ గంటల తరబడి వేగంగా వెళితే వోల్టేజి 15 దాటుతుంది. ఏజీఎమ్ బ్యాటరీలకు తయారీదారులు సాధారణంగా 14.4 నుంచి 14.8 దాకానే పరిమితి చెబుతారు. లోపలి తేమ ఒకసారి పోతే నీళ్ళు పోసే మార్గం లేదు. మూతలు తెరిచి డిస్టిల్డ్ వాటర్ పోసుకోగలిగిన మామూలు మెరైన్ బ్యాటరీ అయితే ఆ ఎక్కువ వోల్టేజిని తట్టుకుంటుంది, నీళ్ళు తగ్గితే పోసుకోవచ్చు.

రెగ్యులేటర్ కలిసిన రెక్టిఫైయర్ పెట్టించుకోవడం రెండో దారి. అవి మార్కెట్లో దొరుకుతాయి. వీటిలో చాలావరకు మిగులు కరెంటును వేడిగా మార్చి వదిలించుకుంటాయి, ఆ వేడి పోయే ఏర్పాటు ఉండాలి. ఈ మోటారు మీద అందుకు అనువైన చోటు లేదనిపించింది. ఐదారు ఆంపియర్ల వ్యవస్థకు అంత హంగామా అవసరమూ లేదు. పెద్దాయనతో మాట్లాడి ఏజీఎమ్‌ను ఇంటి దగ్గర వేరే పనికి పెట్టించి, పడవకు మామూలు బ్యాటరీ వేశాం. డ్యాష్‌బోర్డులో చిన్న వోల్ట్ మీటరు కూడా బిగించాను. ఫిష్ ఫైండర్ ఎంత వోల్టేజి దాకా ఒప్పుకుంటుందో దాని పుస్తకంలో చూసి, పరవాలేదని తేల్చుకున్నాను.

తర్వాతి కొలతలు

తాళం ఆపి చూస్తే లీకేజీ మిల్లీఆంపియర్‌కు లోపే. ఆగి ఉన్న ఇంజను పసుపు వైర్ల మీద 12 వోల్టులు లేవు. నీళ్ళలో 3000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ వద్ద 14.1 వోల్టులు, క్లాంప్ మీటరులో ఐదు ఆంపియర్లకు కొంచెం తక్కువ. బ్యాటరీ నిండాక 4500 దగ్గర 15.2. అలల్లో కావాలనే పడవను ఎగరేసి తిప్పినా ఫిష్ ఫైండర్ ఆరలేదు.

ఆర్‌పీఎం మీటరు లేచి నిలబడింది కానీ 3000 దగ్గర 3600 చూపింది. ఇది లోపం కాదు. ఇలాంటి మీటర్ల వెనుక ఫ్లైవీల్ అయస్కాంత ధ్రువాల సంఖ్యను బట్టి పెట్టుకునే చిన్న స్విచ్చు ఉంటుంది. అది 5 దగ్గర ఉంది. ఈ మోటారుకు 12 ధ్రువాలు, అంటే ఒక చుట్టుకు ఆరు పల్సులు. 6 దగ్గర పెట్టగానే ప్లగ్ వైరు మీటరుతో కలిసిపోయింది. కొత్త మీటరు కొన్నప్పుడు ఈ స్విచ్చును ఎవరూ ముట్టుకోలేదు, ఎందుకంటే సున్నా చూపే మీటరుకు దాని అవసరం ఎవరికీ తట్టదు.

పడవ అప్పగించేటప్పుడు పెద్దాయనకు మూడు మాటలు చెప్పాను. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ స్విచ్చును ఆఫ్ వైపుకు తిప్పవద్దని. నెలకోసారి బ్యాటరీ మూతలు తీసి నీటి మట్టం చూడమని. శీతాకాలం సరస్సు గడ్డకట్టే ముందు బ్యాటరీ ఇంటికి తీసుకెళ్ళి, వసంతంలో తిరిగి బిగించేటప్పుడు నట్లను పానాతోనే బిగించమని. "ఆ రెక్కల నట్లు ఏం చేశారండీ?" అని అడిగారు. ఆయన పరికరాల పెట్టెలోనే ఒక కవరులో పెట్టి, "బ్యాటరీకి వాడకూడదు" అని రాసి ఇచ్చాను. పాత రెక్టిఫైయర్‌నూ అందులోనే పెట్టాను.